జలంధర్ నిలబెట్టిన ట్రైలర్

జలంధర్‌తో మాట్లాడాలంటే ఆయన వెంట తిరగాలి. నిలబడి మాట్లాడే మనిషి కాదు. టీ చేతికిస్తే కప్పుతోనే డేరా చుట్టూ ఓ చుట్టు చుట్టి వస్తాడు. వస్తూ వస్తూ ఒక తాడు లాగి చూస్తాడు, ఒక మేకును కాలితో తొక్కి చూస్తాడు. పొద్దుటి నుంచీ స్టీరింగు ముందు కూర్చుని నడుము పట్టేసి నేను వస్తానా, కాసేపు కూర్చుని ఊరి సంగతులు చెప్పుకుందామనుకుంటానా, ఆయన "చెప్పు తమ్మీ, ఇంటున్న" అంటూ అవతలి మూలకు పోతాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

నేను ఖతార్‌లో నీళ్ల ట్యాంకర్ నడుపుతాను. ఉండేది బిర్కత్ అల్ అవామిర్‌లో, మా కంపెనీ క్యాంపులో. చలికాలం వచ్చిందంటే ఖతారీ కుటుంబాలు మిసయీద్ దాటి ఎడారిలో డేరాలు వేసుకుంటాయి. నవంబరులో మొదలుపెడితే ఎండలు ముదిరేదాకా అక్కడే రాకపోకలు. వాళ్ల ట్యాంకులు నింపడం నా డ్యూటీ. ఆ డేరాల్లో రాషిద్ అనే ఆయన కుటుంబానిది ఒకటి. దాన్ని చూసుకునే మనిషి జలంధర్. సీజనంతా ఇసుకలో కాపలా, తర్వాత దోహాలో వాళ్లింటి రెండో డ్రైవరు. ఆయనదీ నాదీ రాయికల్ దగ్గర పక్కపక్క ఊళ్లు. వయసులో పెద్ద కాబట్టి అన్నా అంటాను. కోపం వచ్చినా అన్నా అనే అంటాను.

అంతకుముందు ఆయన స్కఫోల్డింగ్ పని చేసేవాడు. ఇనుప గొట్టాలు బిగించి అంతస్తు మీద అంతస్తు లేపడం. ఆ పనిలో ఆయన పేరు చెబితే ఫోర్‌మన్లు నిశ్చింతగా ఉండేవారని మా వాళ్లు ఇప్పటికీ చెబుతారు. గొట్టం కింద ఇనుప ప్లేటు, ప్లేటు కింద చెక్క పలక, పలక కింద గట్టి నేల. బరువంతా కాళ్ల మీద పడాలి, కాళ్లు బిగిసి ఉండాలి. ఇదే ఆయన వేదం. ఒకసారి ఒక హాలులో సీలింగు పనికి చక్రాల టవర్ ఎక్కాడు. కింద ఎవరో చక్రానికి బ్రేకు వేయడం మరిచారు. టవర్ దొర్లింది, ఈయన కింద పడ్డాడు. చెవిలోంచి రక్తం వచ్చింది. ఆసుపత్రిలో కొన్నాళ్లుండి లేచి తిరిగాడు కానీ మళ్లీ గొట్టం ఎక్కలేదు. "యాష్టకొచ్చింది తమ్మీ, ఎన్నేండ్లు ఎక్కాలె" అనేవాడు. రాషిద్ ఇంటికి మారాడు. అప్పటినుంచే ఈ తిరుగుడు. షాపులో వరసలో నిలబడినా ఒక చెయ్యి గోడకు ఆనించే ఉంటుంది. మా క్యాంపుకు వస్తే నా మంచం పట్టుకుని ఊపి చూసి, "ఎవనికీ బిగించుడు రాదు, అంత లూజే" అనేవాడు. ఆ మంచం మీద ఏళ్లుగా పడుకుంటున్నది నేను. నాకు ఎప్పుడూ ఊగలేదు.

కిందటి చలికాలం వరకూ ఆ కుటుంబానికి డేరాలే. ఈ సీజనుకు రాషిద్ ఒక ట్రైలర్ కొన్నాడు. చక్రాల మీది గది. మంచం, చిన్న వంటిల్లు, లోపలే బాత్రూము. అదంతా వాళ్లమ్మ కోసం. యజమానురాలిని పనివాళ్లు మామా అంటారు కదా, ఈమె ముసలావిడ కాబట్టి పెద్ద మామా. మోకాళ్లు నొప్పులు, పైగా ఈమధ్య తల తిరుగుతోందని మందులు. దోహా ఇంట్లో ఆమె మంచం దిగదు. వచ్చినవాళ్లందరూ రోగిని చూసినట్టు చూసి పోతారు. ఎడారికి వస్తే మాత్రం తనే లేచి పొయ్యి దగ్గర కూర్చుని టీ కాస్తుంది, మొదటి కప్పు జలంధర్‌కు ఇస్తుంది. నేను నీళ్లు కొడుతుంటే పైపు సరిగ్గా పట్టుకో అని నన్ను కూడా కేకలేసేది. ఆ కేకలకు నాకెప్పుడూ కోపం రాలేదు.

ఈసారి కూడా పెద్ద మామా సీజనంతా ఇక్కడే ఉంటానంది. జలంధర్ మాటిచ్చాడు. తన వచ్చీరాని అరబ్బీలో, "మామా, నువ్వు ఈడనే ఉండు, నేనున్న" అన్నాడట.

ట్రైలర్‌ను బండి వెనక లాక్కొచ్చి ఇసుకలో నిలిపారు. జలంధర్ పల్లం వైపు చక్రం కింద పలక వేసి మట్టం సరిచేశాడు, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాడు, నాలుగు మూలల్లో ఉండే ఇనుప కాళ్లు దించాడు. అందంగానే ఉంది. రెండో రోజే లోపలినుంచి కేక వినిపించింది.

"జలందర్! యిత్‌హర్రక్!"

కదులుతోంది అని. జలంధర్ పరిగెత్తాడు. లోపలికెళ్లి ఒక క్షణం నిలబడ్డాడు. అవును, కదులుతోంది. బయటికి వచ్చి కాళ్లు ఇంకొంచెం బిగించాడు. మర్నాడు మళ్లీ కేక. మళ్లీ వెళ్లాడు, మళ్లీ కదిలింది. పలకలు మార్చాడు, ఇసుక తీసి నీళ్లు చల్లి తొక్కి మళ్లీ వేశాడు. తిండి తింటూ మధ్యలో లేచేవాడు, స్నానం చేస్తూ సబ్బు నురగతోనే వచ్చి ఆ కాళ్ల దగ్గర వంగి చూసేవాడు.

పెద్ద మామాను చూసుకోవడానికి సుభాషిణి ఉంది. కోనసీమ మనిషి. ఆ ట్రైలర్లోనే కింద పరుపు వేసుకుని పడుకుంటుంది. ఒకరోజు నేను ట్యాంకు నింపుతుంటే వచ్చి మెల్లగా అంది:

"తిరుమల్ గారూ, మీరైనా చెప్పండి ఆ అన్నయ్యకి. నాకైతే ఏం కదలట్లేదండి. రోజంతా అందులోనే ఉంటాను కదా. మామాకి ఎప్పుడూ ఉండే కళ్లు తిరగడమేనండి అది."

చెప్పాను. జలంధర్ వినలేదు.

"ఆమెకేం ఎర్క? నేను స్వయంగ చూసిన. లోపల కాలు పెడ్తెనే ఒరుగుతున్నది."

"నేను కూడా ఎక్కి చూసిన అన్నా. మంచిగనే ఉన్నది."

"నువ్వు బండి మీద పుట్టినోనివి. నీకు కదులుడు ఏం తెలుస్తది" అని నవ్వాడు. కానీ కళ్లు నవ్వలేదు, ట్రైలర్ మీదే ఉన్నాయి.

ఆ వారం రాషిద్ వచ్చాడు. తల్లి తలుపు గొళ్లెం పట్టుకుని నిలబడి ఉండటం చూశాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే తల్లి విషయంలో హడలిపోయే మనిషి. హిందీ, అరబ్బీ కలిపి జలంధర్‌కు చెప్పాడు. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను, అప్పటికీ అమ్మ కదులుతోంది అంటే ఇంటికి తీసుకెళ్లిపోతాను, ఈ ఏడు ఎడారి క్యాంపు మాఫీ, ఇక ఉండదు. క్యాంపు లేకపోతే రెండో డ్రైవరు అక్కర్లేదు, నిన్ను కూడా ఊరికి పంపిస్తాను. పెద్ద మామా ఆ మాటలన్నీ విన్నది. కొడుకు వెళ్లాక జలంధర్ వైపు చూసింది. ఆ చూపు తనకు అన్నం సయించనివ్వలేదని జలంధర్ నాతో అన్నాడు.

"నా నౌకరి సంగతి ఇడిసిపెట్టు. ఆమె ఆ ఇంట్ల మళ్ల ఎట్ల పండుతది తమ్మీ? పోయినంక లేస్తదా? ఈ నాల్గు కాళ్లు నేను నిలవెట్టలేనా?"

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికి గాలి లేచి ఉంది. ఇసుక కంటికి కొడుతోంది. ట్రైలర్ ఎప్పటికంటే ఎత్తుగా కనబడింది. దగ్గరికి వెళ్లి చూస్తే చక్రాలు నేలకు ఆనడం లేదు. ఒకదాన్ని చేత్తో తిప్పితే గిర్రున తిరిగింది. జలంధర్ నాలుగు మూలల కాళ్ల కింద మందపాటి పలకలు వేసి, వాటి మీద ఇనుప ప్లేట్లు పెట్టి, కాళ్లను బిగించి బిగించి మొత్తం గదిని లేపేశాడు. అచ్చం స్కఫోల్డింగ్. నన్ను చూసి చెమట తుడుచుకున్నాడు, ముఖంలో ఎన్నాళ్లకో ఒక తృప్తి.

"చక్రం ఉన్నదంటే కదుల్తది. అందుకే చక్రం మీద బరువు లేకుంట చేసిన. ఇప్పుడు ఎట్ల కదుల్తదో చూస్త."

నాకు ఆ పని తెలియదు. బాగానే ఉంది కాబోలు అనుకున్నాను. పైపు తగిలించాను. అప్పుడే గాలి ఒక్క విసురు విసిరింది. వెనక మూల ఒక పలక కింద ఇసుక జారింది. ఆ కాలు సన్నటిది, పక్కకు వంగింది. గది మొత్తం ఒక్క కుదుపుతో ఒరిగి, ఆ వైపు చక్రం ఇసుకలో దిగి ఆగింది. లోపల గిన్నెలు పడిన చప్పుడు, సుభాషిణి అరుపు. నేనూ జలంధర్ తలుపు దగ్గరికి ఒకేసారి చేరాం. పెద్ద మామా మంచం మీద కూర్చునే ఉంది, సుభాషిణి ఆమెను గట్టిగా వాటేసుకుని ఉంది. దెబ్బలేమీ లేవు. జలంధర్ మాత్రం మెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ చక్రం ఆపకపోతే గది పూర్తిగా పడి లోపలివాళ్లు ఏమయ్యేవారో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

రాషిద్‌కు సుభాషిణే ఫోన్ చేసింది. ఆయన వస్తూ ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ట్రైలర్లు రిపేరు చేసే జియావుద్దీన్. మా వైపు బోధన్ మనిషే, ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డు ఉంది. ఆయన వంగి కిందికి చూసి తల పట్టుకున్నాడు.

"అరే భాయ్, ఏం చేసినవ్ ఇది? ఈ కాళ్లు బరువు మోస్తందుకు గావు, ఊగకుంట పట్టుకుంటందుకు. మోసేది చక్రమే. దాన్నే లేపితివి!"

"చక్రం మోస్తదా?" అన్నాడు జలంధర్, నమ్మలేనట్టు.

"మరి ఎవరు మోస్తరు? నువ్వు మోస్తవా?"

వంగిన కాలు తీసి వేరేది వేశారు. గదిని చక్రాల మీదికి దించారు, దిమ్మలు కొట్టారు, నాలుగు కాళ్లూ పలకలకు ఆనేంత వరకే దించారు. జియావుద్దీన్ చెప్పిందల్లా జలంధర్ చేశాడు. గాలి కూడా తగ్గింది. అప్పుడు జియావుద్దీన్ వంటింట్లోంచి ఒక పళ్లెం తెచ్చి, గది నడిమధ్య నేల మీద పెట్టి, నీళ్లు పోశాడు.

"ఇప్పుడు అందరు నిమ్మలంగ నిలవడుండ్రి. కదిలితె నీళ్లే చెప్తయి" అన్నాడు. రాషిద్‌కు అదే మాట హిందీలో చెప్పాడు.

పెద్ద మామా మంచం మీద ఉంది. రాషిద్, జలంధర్, సుభాషిణి లోపల నిలబడ్డారు. నేను తలుపు దగ్గర మెడ చాపి చూస్తున్నాను. పళ్లెంలో నీళ్లు కాసేపు వణికాయి, ఆగిపోయాయి. పైకప్పు దీపం అందులో కదలకుండా కనబడుతోంది.

"యిత్‌హర్రక్" అంది పెద్ద మామా. చేత్తో మంచం అంచు పట్టుకుంది.

రాషిద్ నీళ్ల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఆయన ముఖం మెత్తబడింది. అది చూసే నాకు భయమేసింది. కోపంగా ఉన్న కొడుకుతో వాదించవచ్చు, జాలిపడే కొడుకుతో ఏం వాదిస్తుంది? "అమ్మా, చూడు, గది కదలడం లేదు. నీకు ఒంట్లో బాగా లేదు. యల్లా, ఇంటికి పోదాం" అన్నాడు, ఆమె చెప్పులు తనే ముందు పెడుతూ.

ఆమె చెప్పుల వైపు చూడలేదు. "జలందర్, నువ్వు చెప్పు" అంది. "కదులుతోందా, లేదా?"

జలంధర్ పళ్లెం పక్కనే ఉన్నాడు. ఒక చెయ్యి గోడకు ఆనించి ఉంది. నీళ్లను చూస్తున్నాడు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. మొదట అర్థం కానట్టు, తర్వాత అర్థమవుతున్నట్టు, తర్వాత ఎందుకు అర్థమైందా అన్నట్టు మారింది. నీళ్లు ఆగి ఉన్నాయి. గది ఆయనకు ఒరుగుతోంది. ఇన్నేళ్లూ ఎవరికీ బిగించడం రాదని, లోకమంతా లూజని తిట్టిన మనిషి. నా మంచం బిగుతుగానే ఉంది. గోడలన్నీ బిగుతుగానే ఉన్నాయి.

లేదు మామా అనొచ్చు. అని ఉంటే ఆయన గుట్టు ఆయన దగ్గరే ఉండేది.

"కదుల్తున్నది మామా" అన్నాడు. "నాక్కూడ."

జియావుద్దీన్ విసుక్కున్నాడు. "నీళ్లు కనబడ్తలేవా? ఎందుకు అబద్ధాలాడ్తున్నవ్?"

"అబద్ధం గాదు. నీళ్లు నిలిచినయి. నేను నిలుస్తలేను." ఆ తర్వాత రాషిద్ వైపు తిరిగి, విరిగిన హిందీలో చెప్పాడు. టవర్ మీంచి పడ్డప్పటినుంచీ ఇంతే. గోడలు, మంచాలు, నేల, అన్నీ. నిజంగానే కదులుతున్నాయనుకున్నాను, ఇప్పుడే తెలిసింది.

రాషిద్ ఆయన దగ్గరికి వచ్చాడు. "బండి నడిపేటప్పుడు?" అన్నాడు.

సుభాషిణి నా వైపు చూసింది. నేను లోపల్లోపల, చెప్పకు అన్నా, చెప్పకు అనుకుంటున్నాను. ఎవరూ అడ్డం వచ్చి కాదనేవాళ్లు లేరు. ఒక్క మాట నొక్కేస్తే అయిపోతుంది.

"కూసున్నప్పుడు తక్కువ ఉంటది. గని ఉంటది" అన్నాడు జలంధర్. జేబులోంచి బండి తాళం తీసి పొయ్యి గట్టు మీద పెట్టాడు. "గిట్లుండంగనే మామాను అదే బండిల తీస్కపోయిన గదా" అని నాతో తెలుగులో అని, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దమనిషి, అంత మంది ముందు ఏడ్చాడు.

అప్పుడు పెద్ద మామా లేచింది. సుభాషిణి చెయ్యి పట్టుకోబోతే వద్దంది. కొడుకుతో గట్టిగానే అంది: చూశావా, ఈ పెట్టె నాకొక్కదానికే కాదు కదులుతోంది. దీన్ని నేనడిగానా? నువ్వు తెచ్చావు. పరుపు తీసి డేరాలో నేల మీద వెయ్యి. నేల కదిలిన రోజు నేనే చెబుతాను, అప్పుడు తీసుకుపో. రాషిద్ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. పొయ్యి దగ్గరికి వెళ్లి టీ పెట్టమని సుభాషిణి మీద కేకలేసింది. రాషిద్ చెప్పులు చేతిలో పట్టుకుని వెనకాల వెళ్లాడు.

ఆమె ఉండిపోయింది.

జలంధర్‌కు మాత్రం ఉండే వీలు లేకపోయింది. రాషిద్ ఆసుపత్రికి తనే తీసుకెళ్లాడు. పాత దెబ్బకు చెవి లోపల ఒంటిని తూకంగా నిలిపేది పాడైందన్నారు, బండి నడపకూడదు, ఎత్తు ఎక్కకూడదన్నారు. డ్రైవరు వీసా మీద ఉన్న మనిషి బండి నడపకపోతే ఇక్కడ ఏం చేస్తాడు? టికెట్టు తీశారు. నేను డ్యూటీ మానుకుని విమానాశ్రయానికి పోతే, అక్కడా ఒక ట్రాలీ చక్రం వంగి చూస్తున్నాడు. "లూజుందా అన్నా?" అన్నాను. "ఏమో, నాకేం తెలుస్తది ఇప్పుడు" అన్నాడు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేదని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆయన లోపలికి పోయాక తిరిగొచ్చి ట్యాంకర్ తలుపు దబాలున వేశాను. ఎవరి మీది కోపమో నాకే తెలియలేదు.

సీజను ఇంకా నడుస్తోంది. ట్రైలర్ ఖాళీగా, దిమ్మల మధ్య బుద్ధిగా నిలబడి ఉంది. పెద్ద మామా డేరాలో ఇసుక మీద వేసిన పరుపు మీద పడుకుంటుంది. "అప్పుడప్పుడూ చెయ్యి నేలకి గట్టిగా ఆనించి కళ్లు మూసుకుంటారండి" అని సుభాషిణి చెప్పింది. "తిరుగుతూనే ఉంటుంది పాపం. కానీ ఒక్కసారైనా కదుల్తోంది అనరు. నన్నూ రాషిద్ బాబాకి చెప్పొద్దంటారు." నేను పైపు చుట్టుకుంటూ తలూపాను. నేను మాత్రం ఎవరికి చెబుతాను?

మొన్న జలంధర్ ఫోన్ చేశాడు. వెనకాల కోళ్ల అరుపులు, ఎవరిదో మోటారు చప్పుడు.

"మామా ఉన్నదా, పోయిందా?" ఇదే మొదటి మాట.

"ఉన్నది. నిన్న నన్ను తిట్టింది గూడ."

ఆయన నవ్వాడు. చాలాసేపు నవ్వాడు.

"నీకెట్లున్నదన్నా?"

"ఏమున్నది. మా శోభ చెయ్యి పట్టుకొని నడుస్తున్న. ఊరంత చూస్తున్నరు, పెండ్లప్పుడు గూడ గిట్ల పట్టుకోలే." గొంతులో సిగ్గు వినిపించింది. "దుబాయ్‌కెల్లి వచ్చి పెండ్లాం చెయ్యి ఇడుస్తలేడని నవ్వుతున్నరు."

"మరి ఆమె పట్టుకుంటె కదులుడు ఆగుతున్నదా?"

"ఆగుతలేదు తమ్మీ. పట్టుకున్నా కదుల్తనే ఉన్నది" అన్నాడు. "గని పడ్తలేను."